లినక్స్‌లో బూట్ లోడర్: ఏది ఎంచుకోవాలి, ఎలా అమర్చుకోవాలి

విండోస్ ఉన్న ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేస్తారు. ఇన్‌స్టాల్ సాఫీగానే పూర్తవుతుంది, కానీ రీస్టార్ట్ చేస్తే నేరుగా విండోసే వస్తుంది. ఇంకొకరు విండోస్‌లోకి వెళ్లి "ఈ పార్టిషన్ దేనికో" అని ఒకటి తీసేస్తారు. మర్నాడు నల్ల తెర మీద గ్రబ్ (లినక్స్‌లో ఎక్కువగా కనిపించే బూట్ లోడర్) ప్రాంప్ట్ ఒక్కటే మిగులుతుంది. రెండు చోట్లా లినక్స్ తప్పేమీ లేదు. గొడవంతా బూట్ లోడర్ దగ్గరే.

బూట్ లోడర్ పని చాలా చిన్నది. లినక్స్‌కి గుండెకాయ లాంటి కర్నెల్‌నీ, దానికి మొదట్లో కావాల్సిన డ్రైవర్లతో తోడుండే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌నీ మెమరీలోకి ఎక్కిస్తుంది, లినక్స్ ఉన్న రూట్ పార్టిషన్ ఏదో కర్నెల్‌కి చెప్తుంది, తప్పుకుంటుంది. అందుకే మెనూ అందం చూసి ఎంచుకుంటే తర్వాత చిక్కే. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: రేపు కొత్త కర్నెల్ వచ్చినప్పుడు ఆ కబురు బూట్ లోడర్‌కి ఎవరు చేరవేస్తారు? ఆ పని మీ డిస్ట్రో (ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్స్ రకం) తనంతట తాను చేస్తుంటే అది మంచి బూట్ లోడర్. ప్రతిసారీ మీరు గుర్తుపెట్టుకుని చేయాల్సి వస్తే, ఏదో ఒక రోజు మర్చిపోతారు.

ఒక మాట. ఇక్కడ కమాండ్‌లు, ఫైల్ పేర్లు పలికే తీరులో రాశాం. వేరుగా చెప్పని చోట మీరు వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో టైప్ చేయాలి. విడివిడి అక్షరాలుగా రాసినవాటిని కలిపి ఒకే మాటగా కొట్టాలి.

ముందు మీ మెషీన్ సంగతి తేల్చుకోండి

మొదటిది, మీది యూఈఎఫ్‌ఐ మెషీనా, పాత బయోస్ పద్ధతా అన్నది. కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే ఫర్మ్‌వేర్‌లో ఇవి రెండు రకాలు. లినక్స్‌లో ఉంటే /సిస్/ఫర్మ్‌వేర్ అనే ఫోల్డర్ తెరిచి చూడండి. లోపల ఈ ఎఫ్ ఐ అనే ఫోల్డర్ ఉంటే యూఈఎఫ్‌ఐ, లేకపోతే బయోస్. విండోస్‌లో అయితే రన్ బాక్స్‌లో ఎం ఎస్ ఇన్ఫో 32 అని కొట్టండి. "బయోస్ మోడ్" అన్న వరసలో లెగసీ అని ఉంటే పాత పద్ధతి.

ఇది ఎందుకు ముఖ్యమంటే, లైవ్ పెన్‌డ్రైవ్ (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్‌ని నడిపేది) ఏ పద్ధతిలో బూట్ అయితే లినక్స్ కూడా ఆ పద్ధతిలోనే ఇన్‌స్టాల్ అవుతుంది. ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్ లాంటి కీ నొక్కితే వచ్చే బూట్ మెనూలో ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపించవచ్చు. విండోస్ యూఈఎఫ్‌ఐలో ఉంటే, ముందు యూఈఎఫ్‌ఐ అని రాసి ఉన్నదాన్నే ఎంచుకోండి. విండోస్ ఒక పద్ధతిలో, లినక్స్ ఇంకో పద్ధతిలో పడితే గ్రబ్ మెనూ నుంచి విండోస్‌ని తెరవడం కుదరదు. ప్రతిసారీ ఫర్మ్‌వేర్‌లోకి వెళ్లి మార్చుకోవాల్సిందే.

రెండోది, ఈఎస్‌పీ. యూఈఎఫ్‌ఐ మెషీన్‌లో బూట్ లోడర్లు ఉండే చిన్న ఫ్యాట్32 పార్టిషన్ ఇది. ఎల్ ఎస్ బి ఎల్ కె కమాండ్‌కి -ఎఫ్ తగిలించి నడిపితే వీఫ్యాట్ అని కనిపించేది చాలావరకు అదే. విండోస్ దీన్ని తరచుగా 100 ఎంబీతోనే చేస్తుంది. గ్రబ్‌కి అది సరిపోతుంది, ఎందుకంటే అక్కడ గ్రబ్ తాలూకు కొన్ని ఫైళ్లే ఉంటాయి. సిస్టమ్‌డీ-బూట్‌కి సరిపోదు. అది కర్నెల్‌ని కూడా మామూలుగా అక్కడే పెడుతుంది, ఒక్కో కర్నెల్, దాని ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ కలిపి 100 ఎంబీ దాటడం మామూలే. డిస్క్ మొత్తం కొత్తగా విభజిస్తుంటే ఈఎస్‌పీకి 1 జీబీ ఇచ్చేయండి, తర్వాత దాన్ని పెంచడం పెద్ద పని. అన్నిటికంటే ముఖ్యం: ఉన్న ఈఎస్‌పీని వాడుకోండి, ఫార్మాట్ మాత్రం చేయకండి. ఫార్మాట్ చేస్తే విండోస్ బూట్ ఫైళ్లు కూడా పోతాయి.

మూడోది, సెక్యూర్ బూట్. నమ్మదగిన సంతకం ఉన్న బూట్ ఫైళ్లనే నడవనిచ్చే ఫర్మ్‌వేర్ రక్షణ ఇది. మోక్‌యూటిల్ కమాండ్‌కి --ఎస్‌బీ-స్టేట్ అని ఇస్తే ఆన్‌లో ఉందో లేదో చెప్తుంది. ఉబుంటు, ఫెడోరా, డెబియన్ 10 నుంచి ఆ పైవి, మైక్రోసాఫ్ట్ సంతకం ఉన్న షిమ్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో వస్తాయి. కాబట్టి వీటికోసం సెక్యూర్ బూట్ ఆపనక్కర్లేదు. ఆర్చ్‌లో అయితే ఆపాలి, లేదా సొంత కీలు చేసుకుని సంతకం పెట్టుకోవాలి.

విండోస్ వైపు రెండు పనులు మిగిలాయి. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ ఎన్‌క్రిప్షన్) ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ కాగితం మీదో, ఫోన్‌లోనో ముందే దాచుకోండి. బూట్ క్రమం మారితే అది 48 అంకెల కీ అడుగుతుంది, అప్పుడు వెతుక్కుంటే లాభం లేదు. కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్‌లలో ఫాస్ట్ స్టార్టప్ తీసేయండి. అది ఉంటే విండోస్ నిజంగా షట్‌డౌన్ అవదు, సగం నిద్రలో ఉంటుంది. ఆ స్థితిలో దాని పార్టిషన్లను లినక్స్ నుంచి రాయడానికి తెరవలేరు.

ఏది ఎంచుకోవాలి

ఉబుంటు, మింట్, డెబియన్, ఫెడోరా వాడేవారికి జవాబు గ్రబ్. వాటి ఇన్‌స్టాలర్ దాన్నే వేస్తుంది, కర్నెల్ ప్యాకేజీ మారిన ప్రతిసారీ మెనూని అదే సరిచేస్తుంది, సెక్యూర్ బూట్ సంతకాలు దానికి ఉన్నాయి. బయోస్ మెషీన్లలో, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ (ఒక ఫైల్ సిస్టమ్) లేదా ఎల్‌వీఎం (డిస్క్‌ని విభజించే ఒక పద్ధతి) మీద /బూట్ (కర్నెల్ ఫైళ్లుండే ఫోల్డర్) ఉన్నచోట కూడా అదే. గ్రబ్ బరువైనది, దాని సెట్టింగుల పద్ధతి కాస్త వంకరది. అయినా సరే, ఈ డిస్ట్రోలలో దాన్ని తీసి వేరేది పెట్టుకోవడం వల్ల దక్కే లాభం నెత్తికెత్తుకునే పనికి సరిపోదు.

సిస్టమ్‌డీ-బూట్ యూఈఎఫ్‌ఐలో మాత్రమే పనిచేస్తుంది. గమ్మీబూట్ పేరుతో మొదలై 2015లో, లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీలో కలిసింది. సెట్టింగులు రెండు చిన్న టెక్స్ట్ ఫైళ్లలో అయిపోతాయి, చదివితే ఇట్టే అర్థమవుతుంది. ఆర్చ్‌కీ దాని మీద కట్టిన డిస్ట్రోలకీ మంచి ఎంపిక. పాప్ ఓఎస్ యూఈఎఫ్‌ఐ మెషీన్లలో దీన్నే వేస్తుంది.

రీఫైండ్ మూడోది. ఒకే మెషీన్‌లో మూడు నాలుగు ఓఎస్‌లు మార్చి మార్చి వేసేవాళ్లకి ఇది హాయి. బూట్ అయిన ప్రతిసారీ కర్నెల్‌లను తానే వెతుక్కుంటుంది, మెనూ రాసిపెట్టాల్సిన పని తక్కువ. పాత ఇంటెల్ మ్యాక్‌లలో లినక్స్‌కి చాలామంది దీన్ని వాడతారు.

పాత పాఠాల్లో లిలో అనే బూట్ లోడర్ కనిపిస్తే ఆ పాఠం అక్కడితో మూసేయండి. దాని అభివృద్ధి 2015 చివర్లోనే ఆగిపోయింది.

గ్రబ్ అమరిక

గ్రబ్ మెనూ అసలు ఫైల్ గ్రబ్.సీఎఫ్‌జీ. దాన్ని చేత్తో దిద్దకండి. తర్వాతి కర్నెల్ అప్‌డేట్‌కి అది కొత్తగా తయారవుతుంది, మీరు రాసిందంతా పోతుంది. దిద్దాల్సింది /ఈటీసీ/డిఫాల్ట్ ఫోల్డర్‌లో ఉన్న గ్రబ్ అనే ఫైల్. ముందు దాని కాపీ ఒకటి పక్కన పెట్టుకుని, సుడో నానోతో (అడ్మిన్ హక్కులతో నడిపే టెక్స్ట్ ఎడిటర్) తెరవండి. ఇందులోని పేర్లన్నీ పెద్ద అక్షరాల్లో ఉంటాయి. సమానం గుర్తుకి అటూ ఇటూ ఖాళీ వదలకూడదు, ఎందుకంటే ఇది షెల్ స్క్రిప్ట్‌లా చదవబడే ఫైల్. ఒక్క ఖాళీ ఉంటే మెనూ తయారీ మధ్యలో ఎర్రర్ వస్తుంది.

మెనూ కనపడకుండా నేరుగా లినక్స్ వస్తుంటే గ్రబ్_టైమ్‌అవుట్_స్టైల్ వరసలో హిడెన్ బదులు మెనూ అని రాయండి. గ్రబ్_టైమ్‌అవుట్ వరసలో ఎన్ని సెకన్లు ఆగాలో అంకె వేయండి, 5 లేదా 10 చాలు. ఉబుంటులో ఒకసారి బూట్ విఫలమైతే ఆ తర్వాత మెనూ 30 సెకన్లు నిలబడుతుంది. అది పాడవడం కాదు, గ్రబ్_రికార్డ్‌ఫెయిల్_టైమ్‌అవుట్ అనే వేరే సెట్టింగ్ చేసే పని.

గ్రబ్_డిఫాల్ట్ ఏ వరస ముందు తెరుచుకోవాలో చెప్తుంది. లెక్క 0 నుంచి మొదలవుతుంది, అంటే మూడో వరసకి 2. విండోస్ ముందు రావాలని చాలామంది ఇక్కడ అంకె వేస్తారు. మెనూలో కొత్త వరస చేరగానే ఆ అంకె ఇంకోదాన్ని చూపిస్తుంది. అందుకు బదులు గ్రబ్_డిఫాల్ట్=సేవ్డ్ అని, దాని కింద గ్రబ్_సేవ్‌డిఫాల్ట్=ట్రూ అని రాయండి. కిందటిసారి దేన్ని ఎంచుకున్నారో ఈసారీ అదే వస్తుంది. విండోస్ అప్‌డేట్లు మధ్యలో రెండు మూడుసార్లు రీస్టార్ట్ అయ్యేటప్పుడు ఇది బాగా పనికొస్తుంది. అయితే /బూట్ బీటీఆర్‌ఎఫ్‌ఎస్ మీదో, ఎల్‌వీఎం మీదో ఉంటే గ్రబ్ అక్కడ రాయలేదు. "స్పార్స్ ఫైల్ నాట్ అలౌడ్" అన్న మెసేజ్ దీని వల్లే వస్తుంది. అలాంటప్పుడు ఈ రెండు వరసలూ తీసేయండి.

మెనూలో విండోస్ అసలు కనిపించడం లేదా? 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి ఇతర ఓఎస్‌లను వెతికే ఓఎస్-ప్రోబర్‌ని మామూలుగా ఆపి ఉంచుతున్నారు. గ్రబ్_డిజేబుల్_ఓఎస్_ప్రోబర్=ఫాల్స్ అన్న వరస చేర్చండి. ఓఎస్-ప్రోబర్ ప్యాకేజీ ఉందో లేదో కూడా చూసుకోండి.

కర్నెల్‌కి ఇచ్చే ఆప్షన్లు గ్రబ్_సీఎండీలైన్_లినక్స్_డిఫాల్ట్ వరసలో కొటేషన్ గుర్తుల మధ్య ఉంటాయి. కొత్త ఆప్షన్‌ని నేరుగా ఇక్కడ రాయకండి, ముందు ఒకసారికి పరీక్షించండి. మెనూలో మీ లినక్స్ వరస మీద ఉండి ఇంగ్లీషు 'ఈ' అక్షరం కీ నొక్కండి. లినక్స్ అన్న మాటతో మొదలయ్యే పొడుగాటి వరస చివరికి వెళ్లి ఆప్షన్ టైప్ చేసి, కంట్రోల్+ఎక్స్ నొక్కండి. ఇది ఆ ఒక్క బూట్‌కే వర్తిస్తుంది. ఎన్‌విడియా కార్డు ఉన్న ల్యాప్‌టాప్ నల్ల తెరతో ఆగిపోతే ఇక్కడ నోమోడ్‌సెట్ వేసి లోపలికి వెళ్లొచ్చు. డ్రైవర్ వేసుకున్నాక దాని అవసరం ఉండదు కాబట్టి దాన్ని ఫైల్‌లో శాశ్వతంగా రాయకండి. ఆ ఆప్షన్ మిగిలిపోయి, గ్రాఫిక్స్ నత్తనడక నడుస్తున్నాయని నెలల తరబడి బాధపడేవాళ్లు చాలామంది.

ఫైల్ సేవ్ చేశాక మెనూని మళ్లీ తయారు చేయాలి. ఇక్కడ డిస్ట్రోని బట్టి కమాండ్ మారుతుంది. ఉబుంటు, మింట్, డెబియన్‌లలో సుడో అప్‌డేట్-గ్రబ్. ఆర్చ్‌లో గ్రబ్-ఎంకేకాన్ఫిగ్, -ఓ, తర్వాత /బూట్/గ్రబ్/గ్రబ్.సీఎఫ్‌జీ. ఫెడోరాలో గ్రబ్2-ఎంకేకాన్ఫిగ్, -ఓ, తర్వాత /బూట్/గ్రబ్2/గ్రబ్.సీఎఫ్‌జీ. ఫెడోరా వాళ్లకి ఒక జాగ్రత్త. ఈఎస్‌పీలో ఫెడోరా ఫోల్డర్ లోపల కూడా అదే పేరుతో ఇంకో చిన్న ఫైల్ ఉంటుంది. పాత పాఠాలు దానిమీదే రాయమని చెప్తాయి. ఫెడోరా 34 నుంచి అది అసలు మెనూకి దారి చూపే ఫైల్ మాత్రమే, దాన్ని ముట్టుకోకండి.

మెనూ తెరవడానికి యూఈఎఫ్‌ఐలో ఎస్కేప్, బయోస్‌లో షిఫ్ట్. ఉబుంటులో ఎస్కేప్‌ని ఆత్రంగా నాలుగైదుసార్లు కొడితే మెనూ దాటి గ్రబ్ ప్రాంప్ట్‌లో పడతారు. కంగారొద్దు, నార్మల్ అని టైప్ చేసి ఎంటర్ కొట్టి, వెంటనే ఒక్కసారి ఎస్కేప్ నొక్కితే మెనూ వస్తుంది.

సిస్టమ్‌డీ-బూట్ అమరిక

ఆర్చ్‌లో సులువైన పద్ధతి ఈఎస్‌పీనే /బూట్‌గా మౌంట్ చేయడం, అంటే ఆ పార్టిషన్‌ని ఆ ఫోల్డర్‌కి తగిలించడం. బూట్‌సీటీఎల్ ఇన్‌స్టాల్ అంటే లోడర్ ఫైళ్లు కాపీ అయి, ఫర్మ్‌వేర్ జాబితాలో పేరు చేరుతుంది. తర్వాత /బూట్/లోడర్ ఫోల్డర్‌లో లోడర్.కాన్ఫ్ ఫైల్‌లో మూడు వరసలు: డిఫాల్ట్ ఆర్చ్.కాన్ఫ్, టైమ్‌అవుట్ 4, ఎడిటర్ నో. ఆ చివరిది మర్చిపోకండి. ఎడిటర్ తెరిచి ఉంటే, సెక్యూర్ బూట్ లేని మెషీన్‌లో ఎవరైనా మెనూ దగ్గరే కర్నెల్ ఆప్షన్ మార్చి పాస్‌వర్డ్ లేకుండా రూట్‌గా లోపలికి వెళ్లొచ్చు. డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేసుకుని ఉంటే మాత్రం ఆ దారి మూసుకుంటుంది.

అదే చోట ఎంట్రీస్ అనే ఫోల్డర్‌లో ఆర్చ్.కాన్ఫ్ రాయండి. ఇందులో నాలుగు వరసలు: టైటిల్ పక్కన మీకు కనపడాల్సిన పేరు, లినక్స్ పక్కన /వీఎంలినజ్-లినక్స్, ఇనిట్‌ఆర్‌డీ పక్కన /ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్-లినక్స్.ఐఎంజీ; ఆప్షన్స్ పక్కన రూట్=యూయూఐడీ= అని (యూయూఐడీ మాత్రం పెద్ద అక్షరాల్లో), దాని వెంటనే మీ రూట్ పార్టిషన్ గుర్తింపు సంఖ్య, ఖాళీ వదిలి ఆర్‌డబ్ల్యూ. ఆ సంఖ్యని బీఎల్‌కేఐడీ కమాండ్ చూపిస్తుంది. ఈఎస్‌పీ సంఖ్యని పొరపాటున కాపీ చేయకండి. అది పొట్టిగా, మధ్యలో ఒకే గీతతో ఉంటుంది. రూట్‌ది ఐదు ముక్కలుగా పొడుగ్గా ఉంటుంది. కర్నెల్ దారులు ఈఎస్‌పీ నుంచి లెక్క, కాబట్టి ముందు /బూట్ రాయకూడదు. విండోస్ అదే ఈఎస్‌పీలో ఉంటే దాని వరస తనంతట తానే మెనూలోకి వస్తుంది.

ఈ పద్ధతిలో అందరినీ పడేసే గుంట ఒకటుంది. ఏదో కారణంతో ఈఎస్‌పీ మౌంట్ కాలేదు, మీరు గమనించకుండా అప్‌డేట్ చేశారు. కొత్త కర్నెల్ రూట్ పార్టిషన్‌లోని ఖాళీ /బూట్ ఫోల్డర్‌లో పడుతుంది. బూట్ లోడర్ మాత్రం ఈఎస్‌పీలో మిగిలిన పాత కర్నెల్‌నే తెరుస్తుంది. పాత కర్నెల్ మాడ్యూల్స్‌ని (దాని డ్రైవర్లు వంటివి) ప్యాకేజీ మేనేజర్ అప్పటికే తీసేసింది. సిస్టమ్ పైకి వస్తుంది, కానీ వైఫై ఉండదు, కొత్తగా పెట్టిన యూఎస్‌బీ పనిచేయదు, కొన్నిసార్లు ఈఎస్‌పీ మౌంట్ చేయడానికి కావాల్సిన వీఫ్యాట్ మాడ్యూలే దొరకదు. అప్పుడు లైవ్ పెన్‌డ్రైవ్‌తో రెండు పార్టిషన్లూ మౌంట్ చేసి, సీహెచ్‌రూట్ చేసి (అంటే ఇన్‌స్టాల్ అయిన లినక్స్ లోపలికి మారి), కర్నెల్ ప్యాకేజీని మళ్లీ ఇన్‌స్టాల్ చేయడమే మందు. యూనేమ్ -ఆర్ చూపే వెర్షన్, ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీ వెర్షన్ రీస్టార్ట్ తర్వాత కూడా వేరుగా ఉంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

బూట్‌సీటీఎల్ నడిపినప్పుడు /బూట్ అందరికీ తెరిచి ఉందని హెచ్చరిక వస్తే, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (ఏ పార్టిషన్ ఎక్కడ మౌంట్ కావాలో రాసి ఉండే ఫైల్) ఆ వరసకి ఎఫ్‌మాస్క్=0077, డీమాస్క్=0077 అని చేర్చండి.

ఫర్మ్‌వేర్ వరస

ఇన్‌స్టాల్ తర్వాత నేరుగా విండోసే వస్తుంటే సాధారణంగా బూట్ లోడర్ పడలేదని కాదు, వరసలో వెనక ఉందని. లినక్స్‌లోకి ఎలాగో ఒకలా వెళ్లి (బూట్ మెనూ కీతో ఉబుంటు అన్న పేరు ఎంచుకోవచ్చు) సుడో ఎఫిబూట్‌ఎంజీఆర్ నడపండి. ప్రతి పేరు ముందూ నాలుగు అంకెల సంఖ్య, పైన బూట్‌ఆర్డర్ వరస కనిపిస్తాయి. ఉబుంటు 0003, విండోస్ 0000 అయితే అదే కమాండ్‌కి -ఓ 0003,0000 ఇవ్వండి. ఒక్కసారికి మాత్రం విండోస్‌లోకి వెళ్లాలంటే -ఎన్ 0000 ఇచ్చి రీస్టార్ట్ చేస్తే చాలు.

కొన్ని ఫర్మ్‌వేర్‌లు ఈ వరసని పట్టించుకోవు. ముందు సెటప్ స్క్రీన్‌లో చూడండి. కొన్నిటిలో సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పెడితే గానీ కొత్త బూట్ ఫైల్‌ని నమ్మదగినదిగా చేర్చే ఆప్షన్ వెలగదు. అదీ లేకపోతే గ్రబ్-ఇన్‌స్టాల్‌కి --రిమూవబుల్ ఇచ్చి మళ్లీ వేయండి. అప్పుడు గ్రబ్, ఫర్మ్‌వేర్ చివరి దిక్కుగా వెతికే ఈఎఫ్‌ఐ/బూట్/బూట్‌ఎక్స్64.ఈఎఫ్‌ఐ చోటులో కూర్చుంటుంది.

రెండు డిస్క్‌లున్న మెషీన్‌లో ఇంకో సంగతి. లినక్స్‌ని రెండో ఎస్‌ఎస్‌డీలోనో, బయటి ఎస్‌ఎస్‌డీలోనో వేసినా, ఉబుంటు పాత ఇన్‌స్టాలర్ బూట్ లోడర్‌ని మొదటి డిస్క్ ఈఎస్‌పీలో పెట్టేసేది. బయటి డిస్క్ తీసేసి ఆన్ చేస్తే గ్రబ్ ప్రాంప్ట్ రావడానికి కారణం అదే. ఇన్‌స్టాల్ అయిన వెంటనే /బూట్/ఈఎఫ్‌ఐ ఏ డిస్క్ మీద ఉందో ఎల్ ఎస్ బి ఎల్ కె తో చూసుకోండి.

ఆగిపోయినప్పుడు

గ్రబ్ రెస్క్యూ ప్రాంప్ట్ అంటే గ్రబ్ ప్రాణంతోనే ఉంది, తన ఫైళ్లున్న పార్టిషన్ దొరకలేదు అని. పార్టిషన్లు మార్చినప్పుడు వాటి సంఖ్యలు మారడం ఒక మామూలు కారణం. ఎల్‌ఎస్ కొడితే (హెచ్‌డీ0,జీపీటీ5) లాంటి పేర్లు వస్తాయి. ఒక్కోదానికీ ఎల్‌ఎస్ (హెచ్‌డీ0,జీపీటీ5)/బూట్/గ్రబ్ అని చూడండి. ఫైళ్లు కనిపించిన పార్టిషన్‌తో వరుసగా ఈ నాలుగూ కొట్టండి:

సెట్ రూట్=(హెచ్‌డీ0,జీపీటీ5)
సెట్ ప్రిఫిక్స్=(హెచ్‌డీ0,జీపీటీ5)/బూట్/గ్రబ్
ఇన్స్‌మాడ్ నార్మల్
నార్మల్

మెనూ వస్తుంది. లోపలికి వెళ్లాక గ్రబ్-ఇన్‌స్టాల్, అప్‌డేట్-గ్రబ్ నడపకపోతే తర్వాతి బూట్‌లో మళ్లీ అదే కథ. ఫెడోరా యూఈఎఫ్‌ఐలో మాత్రం గ్రబ్2-ఇన్‌స్టాల్ వాడకండి, అది సంతకం లేని ఫైల్ పెడుతుంది. డీఎన్‌ఎఫ్ రీఇన్‌స్టాల్‌తో షిమ్, గ్రబ్2-ఈఎఫ్‌ఐ ప్యాకేజీలను మళ్లీ వేయండి.

ఏ దారీ లేకపోతే లైవ్ పెన్‌డ్రైవ్, యూఈఎఫ్‌ఐ మెషీన్ అయితే అదీ యూఈఎఫ్‌ఐ పద్ధతిలో. రూట్ పార్టిషన్‌ని /ఎంఎన్‌టీ మీద మౌంట్ చేయండి (బీటీఆర్‌ఎఫ్‌ఎస్ మీద ఉబుంటు అయితే సబ్‌వాల్=@ ఆప్షన్ కావాల్సి రావచ్చు). /బూట్ వేరే పార్టిషన్ అయితే అదీ, ఆపైన ఈఎస్‌పీని /ఎంఎన్‌టీ/బూట్/ఈఎఫ్‌ఐ మీద. డెవ్, ప్రోక్, సిస్, రన్ నాలుగింటినీ --ఆర్‌బైండ్‌తో లోపలికి కలపండి. మామూలు బైండ్ అయితే సిస్ లోపలి ఫర్మ్‌వేర్ వేరియబుల్స్ రావు, బూట్ లోడర్ పేరు ఫర్మ్‌వేర్ జాబితాలో చేరదు. తర్వాత సీహెచ్‌రూట్ /ఎంఎన్‌టీ, గ్రబ్-ఇన్‌స్టాల్, అప్‌డేట్-గ్రబ్, ఎగ్జిట్, రీబూట్.

కర్నెల్ ప్యానిక్, "అన్‌ఏబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్‌ఎస్" అని వస్తే అది వేరే జబ్బు. తరచుగా /బూట్ నిండిపోయి కొత్త కర్నెల్‌కి ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ తయారై ఉండదు. మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ నుంచి పాత కర్నెల్‌తో వెళ్లి, సుడో ఆప్ట్ ఆటోరిమూవ్ --పర్జ్‌తో పాతవి తీసేసి, అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యూ -కె ఆల్ నడపండి.

"షిమ్ ఎస్‌బ్యాట్ డేటా ఫెయిల్డ్, సెక్యూరిటీ పాలసీ వయొలేషన్" అన్న మెసేజ్ 2024 ఆగస్టు విండోస్ అప్‌డేట్ తర్వాత చాలా డ్యూయల్ బూట్ మెషీన్లలో వచ్చింది. పాత షిమ్‌ని ఫర్మ్‌వేర్ ఒప్పుకోకపోవడమే దీనికి కారణం, పాత ఐఎస్‌ఓతో చేసిన పెన్‌డ్రైవ్‌లకి ఇప్పటికీ రావచ్చు. పెన్‌డ్రైవ్ అయితే కొత్త ఐఎస్‌ఓ రాసుకోండి. ఇన్‌స్టాల్ అయిన లినక్స్ అయితే సెక్యూర్ బూట్ తాత్కాలికంగా ఆపి, లోపలికి వెళ్లి, షిమ్ ప్యాకేజీ అప్‌డేట్ చేసి మళ్లీ ఆన్ చేయండి.

లినక్స్ తీసేసేటప్పుడు

పార్టిషన్ డిలీట్ చేయడంతో పని అయిపోదు. ముందు ఫర్మ్‌వేర్ సెటప్‌లో విండోస్ బూట్ మేనేజర్‌ని మొదటికి తెచ్చి, అది నేరుగా తెరుచుకుంటోందని చూసుకోండి. ఆ తర్వాతే లినక్స్ పార్టిషన్లు తీసేయండి. అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో మౌంట్‌వాల్ ఎస్: /ఎస్ అంటే ఈఎస్‌పీ ఎస్ డ్రైవ్‌గా వస్తుంది. అందులో ఈఎఫ్‌ఐ ఫోల్డర్ లోపలి ఉబుంటు ఫోల్డర్ ఒక్కటే తొలగించండి. పక్కనే ఉన్న మైక్రోసాఫ్ట్, బూట్ ఫోల్డర్ల జోలికి పోకండి.